తేదీ లేని జ్ఞాపకం

కాలం గడిస్తేనే జ్ఞాపకమా? తెలివిలో ఉండటానికీ కాలానికీ సంబంధమేమిటి? మెదడు శాస్త్రవేత్తలనూ తత్త్వవేత్తలనూ తిప్పలు పెడుతున్న ఈ ప్రశ్నను అనంతపురం పక్కనున్న ఓ చెరువు కట్ట మీద నిలబడి అడిగితే...

బుక్కరాయసముద్రం చెరువు వయసు చెప్పడం తేలిక. విజయనగరం ఏలిన మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడని జిల్లా చరిత్రలు రాస్తున్నాయి. రాజు పేర బుక్కరాయసముద్రం, రాణి అనంతమ్మ పేర అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే పోనుపోను అనంతపురమై, చివరికి జిల్లాకే పేరైంది. వాన మొహం చూడక వాచిపోయే సీమలో ఊళ్లకు సముద్రమనీ సాగరమనీ పేర్లు పెట్టుకున్నారు. ఆశ అలాంటిది మరి.

ముసలమ్మ ఎప్పటిదో చెప్పమంటే మాత్రం ఎవరి తరమూ కాదు. కథ మాత్రం అందరికీ తెలుసు. బుక్కరాయసముద్రంలో బసిరెడ్డి అని ఓ రైతు. ఆయన కోడళ్లలో చిన్నది ముసలమ్మ. పేరుకే ముసలమ్మ, వయసులో ఇంటికల్లా చిన్నది. ఒక ఏడు జడివాన పట్టింది. చెరువు నిండింది, మరవ పారింది, అయినా నీటిమట్టం దిగలేదు. కట్టకు గండి పడబోతుంటే, చిన్నకోడలిని బలి ఇస్తే తప్ప కట్ట నిలవదని దైవవాక్కు వినబడింది. ఆమె ఇంటిల్లిపాదికీ చెప్పి, కట్ట దాకా నడిచి, నీళ్లలోకి దిగిపోయింది. కట్ట నిలిచింది. ఆ చోటును ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు. పూజలూ జరుగుతున్నాయి.

ఈ కథ కాగితం మీదికి ఎక్కింది కూడా చాలా ఆలస్యంగానే. అనంతపురాన్ని ఏలిన హండే వంశం వారి చరిత్ర 1750కీ 1810కీ నడుమ తెలుగులో రాసి ఉంటే, దాన్ని సి.పి.బ్రౌన్ ఇంగ్లిషులోకి మార్చి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. బ్రౌన్ దొర కాపాడిన ఆ చరిత్రలోంచే, ఇరవై నిండని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి వస్తువు తీసుకున్నాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటున్న కుర్రవాడు రాసిన ఆ కావ్యాన్ని ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా ఇవాళ లెక్కిస్తున్నారు.

కథలో చోటు పదిలంగా ఉంది. మామగారి పేరుంది. ఆమె పెద్ద కోడలా చిన్న కోడలా అన్నదీ ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసా చెక్కుచెదరలేదు: వాన, నిండడం, మరవ, గండి, వాక్కు, నడక. ఏ సంవత్సరమన్న సంగతి ఒక్కటే లేదు. తరతరాల నోళ్లలో నానిన కథ ఇన్ని వివరాలు దాచుకుని ఏడు ఒక్కటే జారవిడుచుకుందంటే, దాన్ని మరుపు ఖాతాలో వేసి ఊరుకోవడానికి నాకు మనసొప్పదు. జ్ఞాపకానికి అసలు తేదీ అవసరమేనా అన్న సందేహం అక్కడే మొదలవుతుంది.

గంటకు మూడు నిమిషాలు

హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు 1953లో 27 ఏళ్ల వయసులో మెదడు ఆపరేషన్ జరిగింది. మూర్ఛ తగ్గుతుందని విలియం స్కోవిల్ అనే సర్జన్ అతని మెదడుకు రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగంలో చాలా మేర తీసేశాడు. మూర్ఛ తగ్గింది. దాంతోపాటు కొత్త జ్ఞాపకాలు నిలవడమూ ఆగిపోయింది. అప్పటిదాకా మాట్లాడిన మనిషి బయటికెళ్లి మళ్లీ వస్తే కొత్తవాణ్ని చూసినట్లే చూసేవాడు. 2008లో 82 ఏళ్ల వయసులో చనిపోయేదాకా అంతే. బతికున్నన్నాళ్లూ వైద్య పత్రికల్లో అతని పేరు ‘హెచ్.ఎం.’ మాత్రమే. బ్రెండా మిల్నర్ అతని మీద చేసిన పరిశోధనతోనే నేటి జ్ఞాపకశక్తి శాస్త్రం మొదలైందంటే ఎక్కువేం కాదు.

ఆ పరిశోధనల్లో పెద్దగా ప్రచారం కానిది ఒకటుంది. 1973లో విట్మన్ రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త హెన్రీ ముందు కాసేపు వ్యవధి పెట్టి, మళ్లీ అంతే వ్యవధి చూపమని అడిగాడు. దాదాపు 20 సెకన్ల వరకు హెన్రీ లెక్క మనందరి లెక్కలాగే సరిపోయింది. అది దాటాక కుంచించుకుపోవడం మొదలైంది. ఆ కుంచించుకుపోయే తీరును ముందుకు పొడిగించి లెక్క కడితే మనకు గంట హెన్రీకి మూడు నిమిషాలు, మనకు రోజు అతనికి పావుగంట, మనకు సంవత్సరం అతనికి మూడు గంటలు అవుతుందని రిచర్డ్స్ తేల్చాడు. అది లెక్క వల్ల వచ్చిన అంచనాయే, హెన్రీ స్వయంగా అనుభవించి చెప్పింది కాదు. అయినా ఒక విషయం బయటపడింది. హెన్రీ మెలకువగానే ఉన్నాడు, మాట్లాడేవాడు, జోకులేసేవాడు, గళ్లనుడికట్లు పూరించేవాడు. గోడ మీద గడియారమూ తిరుగుతూనే ఉంది. జ్ఞాపకం ఒక్కటి పోయేసరికి అతనిలో కాలం పొడవే తగ్గిపోయింది.

మామూలుగా మనం కాలం ముందు, జ్ఞాపకం వెనక అనుకుంటాం. కాలం పారుతుంటే జ్ఞాపకం దాని గట్టున పేరుకుంటుందని. హెన్రీ దగ్గర ఈ వరస తిరగబడింది. మనం అనుభవించే కాలమే జ్ఞాపకం మీద ఆధారపడి ఉందనిపిస్తుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది కూడా దాదాపు అంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం, కొన్ని చిక్కులు.

గుహలో పోయిన పాతిక రోజులు

సాక్ష్యం కోసం చీకట్లోకి వెళ్లాలి. 1962 జులై 16న మిషెల్ సిఫ్ర్ అనే 23 ఏళ్ల ఫ్రెంచి భూగర్భ పరిశోధకుడు ఆల్ప్స్ పర్వతాల్లో స్కరాసోన్ అనే చోట మంచు గుహలోకి దిగాడు. గడియారం లేదు, క్యాలెండర్ లేదు, సూర్యుడు లేడు. లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకోబోయే ముందు పైనున్న మిత్రులకు ఫోన్ చేసేవాడు. వాళ్లు మాత్రం టైమెంతయిందో చెప్పకూడదన్నది ఒప్పందం. సెప్టెంబర్ 14న వాళ్లు వచ్చి గడువు అయిపోయిందంటే అతను నమ్మలేదు. అతని లెక్కలో అది ఆగస్టు 20. పాతిక రోజులు ఏమయ్యాయో అతనికే తెలియదు. సెకనుకు ఒకటి చొప్పున 120 దాకా లెక్కపెట్టమంటే ఫోన్‌లో లెక్కపెట్టాడు. రెండు నిమిషాల్లో అవ్వాల్సింది అయిదు నిమిషాలు పట్టింది.

విడ్డూరమేమిటంటే అతని ఒంటికి మాత్రం లెక్క తప్పలేదు. పైవాళ్లు రాసుకున్న ఫోన్ల వేళల్ని బట్టి అతని నిద్రా మెలకువల చక్రం సుమారు ఇరవై నాలుగున్నర గంటలు. శరీరం లోపలి గడియారం దాదాపు సరిగ్గానే తిరిగింది, మనసు లెక్కే ఇలా తప్పింది. చీకట్లో ఒకే గుడారం, ఒకే చలి, ఒకే రకం పని. నిన్న ఏం చేశానో ఇవాళ గుర్తుండేది కాదని అతనే తర్వాత చెప్పాడు. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేని రోజుల్ని మనసు రోజుల కింద లెక్కే వేయలేదు.

ఈ సంగతి అర్థం కావడానికి ఆల్ప్స్ దాకా పోనక్కర్లేదు. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. దేశంలో బాగా తక్కువ వానపడే జిల్లాల్లో ఇదొకటని బడిపిల్లల పుస్తకాల్లోనే ఉంటుంది. బెట్ట పట్టిన ఏడు గడుస్తున్నప్పుడు ఎంత పొడుగో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మొలిచిన శెనక్కాయ ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. రైతు సాయంత్రం పైరు మధ్యలో చతికిలబడి, మన్ను గుప్పిట్లోకి తీసుకుని పిసికి, వేళ్ల సందుల్లోంచి పొడిగా రాలుతుంటే చూస్తాడు. ఊడలు దిగే వేళ నేల గట్టిబడిపోతే కాయ పట్టదు. అందుకే రోజూ మబ్బు వంక చూడ్డమే. ఒక్కో రోజూ ఒక్కో యుగం. అలాంటి ఏళ్లే నాలుగు వరసగా వచ్చి పోయాక వెనక్కి తిరిగి చూస్తే అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనబడతాయి. ఏ ఏట ఎద్దుల్ని అమ్మారో, ఏ ఏట బెంగళూరుకు పనికిపోయారో విడదీయడం కష్టం. గడిచేటప్పుడు పొడుగు, తలుచుకునేటప్పుడు పొట్టి. కొత్తదనం లేని కాలం గతంలో కుదించుకుపోతుందని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే గమనించాడు. ఆయనకు శెనక్కాయ సంగతి తెలియదంతే.

వాన పడిన ఏడు అలా కాదు. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లోకి వరద నీళ్లు చొరబడితే, ఆ రెండు మూడు రోజుల గురించి గంటలకొద్దీ చెప్పేవాళ్లున్నారు. కరువు నేలలో నీళ్లు ముంచెత్తిన ఏడే గుర్తు. ముసలమ్మ కథ కూడా చెరువు ఎండినప్పటిది కాకపోవడం నాకు ఆశ్చర్యం అనిపించదు.

“ఎప్పుడో చెప్పలేను నాయనా”

పాతతరం వాళ్లను మీ వయసెంత అని అడిగి చూడండి. అంకె చెప్పేవాళ్లు తక్కువ. గంజి కేంద్రాలు పెట్టిన కరువుకు నడకొచ్చిందనో, ఫలానా వాళ్ల పెళ్లినాటికి చంకలో ఉన్నాననో, చెరువు మరవ పారిన ఏడు పుట్టాననో అంటారు. 1950ల మొదట్లో రాయలసీమ అంతటా కరువు కమ్ముకుని గంజి కేంద్రాలు నడిచిన రోజులు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పుట్టినతేదీ పత్రాల పనిచేస్తున్నాయి. జనగణన వాళ్లకూ ఇది తెలుసు. వయసు చెప్పలేని వాళ్లను ఏ సంఘటన నాటికి ఎంత ఉన్నారో అడిగి అంచనా కట్టమని లెక్కలు రాసేవాళ్లకు చెబుతారు. అందుకోసం ఆ ప్రాంతపు సంఘటనల జాబితా తయారు చేసుకుంటారు. అంతచేసినా మన జనాభా లెక్కల్లో సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసుల వాళ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ తేలుతుంటారు. అరవై, అరవై అయిదు అన్నవి మనసుకు తోచిన వయసులు.

తెలుగువాళ్ల సంవత్సరాల పేర్లు ఈ వ్యవహారాన్ని ఇంకా సరదాగా చేస్తాయి. దక్షిణాదిని పీల్చి పిప్పిచేసిన 1876-78 నాటి మహాక్షామం ధాత నామ సంవత్సరంలో మొదలైంది. అందుకే ఇక్కడ అది ధాత కరువు. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది. ధాత 1936-37లో వచ్చింది, 1996-97లో వచ్చింది, 2056-57లోనూ వస్తుంది. ఏ ధాతో చెప్పకపోతే చరిత్రకారుడు తల పట్టుకోవాలి. కాని ఇంట్లో చెప్పుకునేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ‘జేజి వాళ్ల జేజి చిన్నప్పుడు’ అనగానే తరాల వరసే శతాబ్దపు పని చేసేస్తుంది.

మెదడు కూడా ఇలాగే పనిచేస్తుందా అంటే కొంతవరకు అవుననే అనాలి. హెన్రీ పోగొట్టుకున్న హిప్పోకాంపస్‌లో చోటును గుర్తుపట్టే కణాలున్నాయని జాన్ ఓ కీఫ్ 1971లో ఎలుకల్లో కనిపెట్టాడు. ఎలుక ఒక మూలకు వెళితే ఒక కణం, ఇంకో మూలకు వెళితే ఇంకో కణం స్పందిస్తుంది. 2014లో నోబెల్ బహుమతి పంచుకున్నది దానికే. తర్వాత బోస్టన్‌లో హోవర్డ్ ఐకెన్‌బామ్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, అదే హిప్పోకాంపస్‌లో ఎలుక ఏదైనా కోసం కొన్ని సెకన్లు వేచి ఉన్నప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా వరసలో స్పందించే కణాలు కనబడ్డాయి. కాల కణాలన్నారు. అవి జనవరినీ ఫిబ్రవరినీ గుర్తించే కణాలు కావు. ఇది ముందు, అది తర్వాత అని వరస పట్టే కణాలు. చోటుకూ వరసకూ మెదడులో ఒకే ఇంట్లో గదులున్నాయి. తేదీకి ప్రత్యేకంగా గది కనబడలేదు. తేదీని మనం బయటి నుంచి, పంచాంగం నుంచో పెళ్లిపత్రిక నుంచో తెచ్చి అంటిస్తాం.

ముసలమ్మ కట్ట మీద ఏడు ఊడిపోయి చోటూ వరసా మిగలడంలో వింత లేదు. ఊరి జ్ఞాపకమూ ఒక మనిషి జ్ఞాపకమూ ఒకటేనని అనబోవడం లేదు. ఊరికి హిప్పోకాంపస్ లేదు. ఊరి జ్ఞాపకాన్ని మోసేది మనుషులే, వాళ్ల తలల్లో ఏది నిలుస్తుందో కథలోనూ అదే నిలుస్తుంది.

రేపు అనే గది

జ్ఞాపకం గతం కోసమే ఉందనుకోవడం ఒక పొరపాటు. కెనడాలోని టొరంటోలో కె.సి. అనే రోగి ఉండేవాడు. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. చెస్ ఆడటం మరచిపోలేదు, తమ ఊరి సంగతులు మరచిపోలేదు. తన జీవితంలో జరిగిన సంఘటన ఒక్కటి కూడా జరిగినట్లు గుర్తుతెచ్చుకోలేకపోయాడు. మానవ జ్ఞాపకశక్తి మీద జీవితాంతం పనిచేసిన ఎండెల్ టుల్వింగ్ అతన్ని నిన్న ఏం చేశావని అడిగితే ఖాళీ. రేపు ఏం చేయబోతున్నావని అడిగితే అదీ ఖాళీయే. రెండు ఖాళీలూ ఒకేలా ఉంటాయన్నాడు కె.సి. గతంలోకి పోయే దారి మూసుకుపోతే భవిష్యత్తులోకి పోయే దారీ మూసుకుపోతుందని టుల్వింగ్ అక్కడి నుంచి వాదించాడు. రెండూ ఒకే దారి మరి.

శెనక్కాయ విత్తే రైతుకు ఇది పాఠ్యపుస్తకంలో చదవాల్సిన విషయం కాదు. జూన్‌లో ఒక పదును వాన పడింది. గొర్రు కట్టాలా, ఆగాలా? ఆ ఒక్క నిర్ణయంలో ఎన్ని ఏళ్లు కూర్చుని ఉంటాయో చూడండి. మృగశిరలోనే విత్తి నలభై రోజులు వాన లేక పైరు ఎండిన ఏడు ఒకటి. ఆరుద్ర దాకా ఆగి అదును పోగొట్టుకున్న ఏడు ఇంకొకటి. పక్కపొలం వాడు ఆగస్టులో విత్తి గట్టెక్కిన ఏడు మరొకటి. వీటికీ తేదీలు గుర్తుండవు. ఏ కార్తెలో ఎంత వాన, తర్వాత ఎన్నాళ్లు బెట్ట, చివరికి ఏమైంది అన్న వరస గుర్తుంటుంది. 100 నుంచి 110 రోజుల పంటను ముందుగా మనసులో పండించి చూసుకోవడానికి అది చాలు. విత్తనకాయల ధర, అప్పు వడ్డీ కూడా అప్పుడే మనసులో మెదులుతాయి. కె.సి. లాంటి మనిషికి కార్తెల సామెతలన్నీ కంఠతా వచ్చి ఉండొచ్చు. గొర్రు కట్టేది లేనిది మాత్రం తేల్చుకోలేడు.

ఒక్క దెబ్బకు తాళం లేదు

జ్ఞాపకం సంగతి సరే, తెలివిలో ఉండటం మాటేమిటి? కాలం లేకుండా అది సాధ్యమేనా?

జాతర్లలో ఉరుములు వాయించడం చూసినవాళ్లకు ఈ ప్రశ్న సులువు. అనంతపురం పల్లెల్లో దేవతల కొలువులకు మోగే ఆ పెద్ద వాద్యానికి ఉరుమని పేరు రావడం ఊరికే కాదు, దగ్గర నిలబడితే ఛాతీ అదురుతుంది. ఒక దెబ్బ పడుతుంది, చేయి లేస్తుంది, రెండో దెబ్బ పడుతుంది. తాళం ఏ ఒక్క దెబ్బలోనూ లేదు. మొదటి దెబ్బ ఇంకా మనసులో ఉండగా రెండోది తగిలితేనే తాళం. ముందు దెబ్బ పూర్తిగా చెరిగిపోయే మనసు ఉంటే దానికి వినబడేది చప్పుడు, వాద్యం వినబడదు. జేమ్స్ చెప్పిన వర్తమానం ఇదే. కత్తి అంచులా సన్నంగా ఉండదు, కూర్చోవడానికి కాస్త వెడల్పు ఉంటుంది. కొన్ని సెకన్ల వెడల్పు.

ఆ కొన్ని సెకన్లే మిగిలిన మనిషి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. క్లైవ్ వేరింగ్ అనే సంగీతజ్ఞుడికి 1985లో మెదడువాపు వచ్చింది. ఆ తర్వాత జ్ఞాపకం సెకన్లకు పరిమితమైపోయింది. డైరీ నిండా అప్పుడే మొదటిసారి మెలకువ వచ్చినట్లు రాసుకోవడం, కాసేపటికి దాన్ని కొట్టేసి మళ్లీ అదే రాయడం. కాని పియానో ముందు కూర్చోబెడితే మొదలు నుంచి చివరికి వాయించేవాడు. ఒక స్వరం తర్వాత ఏ స్వరమో చేతికి తెలుసు, ఆ కొన్ని సెకన్ల వెడల్పు పాట సాగడానికి సరిపోయింది. పాట ముగియగానే మళ్లీ మొదటికి. క్లైవ్‌ను తెలివి లేనివాడనగలమా? భార్య గదిలోకి వస్తే ఆనందంతో కౌగిలించుకునే మనిషిని? తెలివికి నిన్న మొన్నలు అక్కర్లేదు, ఆ కొంచెం వెడల్పు మాత్రం తప్పదు. తెలివికీ జ్ఞాపకానికీ కాలం కావాలంటే రెంటికీ కావాల్సిన కాలం ఒకటి కాదు. మొదటిదానికి క్షణాలు చాలు, రెండోదానికి మార్పుల వరస కావాలి. క్యాలెండర్ ఏ ఒక్కదానికీ అక్కర్లేదు.

మదనపల్లె వాదం, శ్రీపర్వతం వాదం

తత్త్వవేత్తలు ఈ గొడవలోకి ఎప్పుడో దిగారు. శ్రీపర్వతం మీద నివసించాడని మనం చెప్పుకునే నాగార్జునుడు తన మూలమధ్యమకకారికల్లో 19వ ప్రకరణం మొత్తం కాలానికే కేటాయించాడు. ఆరే శ్లోకాలు. గతం మీద ఆధారపడి వర్తమానం ఉందంటే, ఆ వర్తమానం గతంలోనే ఉండి ఉండాలి కదా అని మొదలుపెట్టి, వస్తువులకు వేరుగా కాలమన్నది పట్టుకోలేమని తేలుస్తాడు. అన్నీ క్షణికమనే బౌద్ధుల మీద శంకరుడు వేసిన బాణం ఇంకో తీరుది. నిన్న చూసినవాడూ ఇవాళ గుర్తుపట్టినవాడూ ఒకడే కాకపోతే ‘నేను చూశాను’ అనే గుర్తు ఎలా కుదురుతుందని బ్రహ్మసూత్ర భాష్యంలో నిలదీస్తాడు. క్లైవ్ డైరీ చూపిస్తే ఇద్దరూ తమ తమ వాదం గెలిచిందనుకునేవారేమో.

మన సీమ మనిషి వాదం ఇంకాస్త దగ్గరిది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది 1895లో మదనపల్లెలో. గడియారపు కాలం వేరు, మనసు కల్పించుకునే కాలం వేరని ఆయన జీవితమంతా చెప్పాడు. ఆలోచన అంటే జ్ఞాపకమే, జ్ఞాపకమే మనసులో కాలాన్ని పుట్టిస్తుంది, అది ఆగితే మనసు స్వేచ్ఛ పొందుతుంది అన్నది దాని సారం. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో 1980లో జరిపిన సంభాషణలు ‘ది ఎండింగ్ ఆఫ్ టైమ్’ పేరుతో 1985లో పుస్తకంగా వచ్చాయి. ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లట్యెన్స్ చెప్పే ఒక సంగతి నాకు ఆ పుస్తకం కంటే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది: కృష్ణమూర్తికి తన బాల్యం దాదాపుగా ఏమీ గుర్తులేదు. జ్ఞాపకం నుంచే కాలం పుడుతుందని ఆయన పట్టుకున్నది సరైనదే. హెన్రీ, సిఫ్ర్ ఇద్దరూ అదే చెబుతున్నారు. దాన్ని ఆపాలన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. బతుకుతెరువుకు పనికొచ్చే జ్ఞాపకాన్ని ఆయన కాదనలేదు, నిజమే. కాని గొర్రు కట్టే మనిషికి ఉండే భయమూ ఆశా కూడా ఆ పనికొచ్చే జ్ఞాపకంలోంచే వస్తాయి. వాటిని వేరు చేయడం మదనపల్లెలో కుదిరిందేమో, బుక్కరాయసముద్రం చేలల్లో నాకు కనబడలేదు.

భౌతిక శాస్త్రం మాట క్లుప్తంగా. ఐన్‌స్టీన్ సిద్ధాంతాల్లో ‘ఇప్పుడు’ అనేదానికి విశ్వమంతటికీ వర్తించే చోటు లేదు. కాలం గడవడం మన అనుభవమే గాని జగత్తు లక్షణం కాదనే శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు. వాళ్ల మాట నిజమైనా జ్ఞాపకానికొచ్చే నష్టమేమీ లేదు. జ్ఞాపకం అంటే జరిగినదాని గుర్తు ఇప్పుడు ఒకచోట మిగిలి ఉండటం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. ఆ రాయి కాలం గడవడాన్ని అనుభవించడం లేదు. అయినా దానిలో 1369 ఉంది. రాయికి తేదీ తెలుసు, తెలివి లేదు. ఊరికి తెలివి ఉంది, తేదీ లేదు. ముసలమ్మ గురించి శాసనమే ఉంటే మనకు సంవత్సరం తెలిసేది. ఇంతమంది నోట ఆమె కథ మిగిలేదా అన్నది అనుమానమే.

జరిగిపోయిన ఆరుద్ర

రైతు మనసులో కాలం క్యాలెండర్ తేదీల్లో ఉండదు, కార్తెల్లో ఉంటుంది. ఒక్కో కార్తె 13, 14 రోజులు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర జూన్ 21, 22 తేదీల్లో మొదలవుతాయి. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అన్న సామెత ఇక్కడ చిన్నపిల్లలకూ వచ్చు. వందల ఏళ్ల వానల జ్ఞాపకాన్ని నాలుగు మాటల్లో మూటగట్టిన సామెత అది.

అయితే ఆ మూట కట్టిన తాడే జారుతోంది. కార్తెలు సూర్యుడు నక్షత్రాల్లో ఉన్న చోటును బట్టి వస్తాయి. రుతువులు భూమి అక్షం వంపును బట్టి వస్తాయి. ఆ అక్షం గింగిరాలు తిరిగే బొంగరంలా నెమ్మదిగా దిక్కు మార్చుకోవడం వల్ల, సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల మీదుగా ముందుకు జరుగుతుంటాయి. చెరువు కట్టిన 1364 నుంచి ఇప్పటికి అది దాదాపు తొమ్మిది రోజులు. అంటే ఇప్పటి క్యాలెండర్ లెక్కలో చూస్తే బుక్కరాయల నాటి ఆరుద్ర జూన్ 12, 13 తేదీలకే వచ్చేసేది. సామెత చెప్పినవాళ్లు ఏ ఆరుద్రను చూసి చెప్పారో తేదీ వేసి ఉంచలేదు. వేసి ఉంటే ఇవాళ సవరించుకోవచ్చు. జ్ఞాపకానికి తేదీ అక్కర్లేదని ఇంతసేపు వాదించిన నాకు ఇది మింగుడుపడని సంగతే. వరస ఒక్కటే గుర్తుంచుకునే మనసుకు, ఆ వరసనంతా మోస్తున్న కొలత మెల్లగా జరుగుతోందన్న సంగతి తెలిసే దారి లేదు. ఏ మనిషి ఆయుష్షులోనూ అది ఒకటి రెండు రోజులకు మించదు.

బుక్కరాయసముద్రం మండలంలోనే రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ వానను మిల్లీమీటర్లలో, రోజువారీగా, తేదీలతో రాసిపెడతారు. ఏ తేదీ నుంచి ఏ తేదీలోగా విత్తాలో రైతులకు సలహాలూ అందుతుంటాయి. వాటిని విన్నవాళ్లు విన్నారు, కార్తెను నమ్మినవాళ్లు నమ్మారు. ఎక్కువమంది చేసేది మాత్రం రెండూ కాదు. వాన ఆగాక చేలోకి వెళ్లి, మడమతో నేల తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చూసుకుని, ఇంటికొచ్చి విత్తనకాయలు వలవడం మొదలుపెడతారు.